లిఫ్ట్ మిషన్ మీద ‘5 హెచ్‌పీ’ అని ఒక్కటే రాస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మన ఊళ్లలో ఏ వీధిలో స్లాబు పడుతున్నా కనిపించే దృశ్యం ఒకటే. కింద కాంక్రీటు కలిపే మిల్లర్, పక్కన ఇనుప టవర్, అందులో పైకీ కిందికీ తిరిగే బకెట్, అడుగున మోటారు, రోపు చుట్టుకునే డ్రమ్ము. ఈ లిఫ్ట్ మిషన్‌ను అద్దెకు తెచ్చుకునేవారు అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ?’ అని మాత్రమే. ఇచ్చేవారు చెప్పేదీ ‘5 హెచ్‌పీ అండీ’ అన్న ఒక్క మాటే. మోటారు మీద పెయింటుతో రాసి ఉండేదీ అదే. ఎన్ని కిలోలు, ఎంత ఎత్తుకు, ఎన్ని సెకన్లలో అన్నవి ఎక్కడా ఉండవు. ఆ మూడూ తెలియకపోతే హెచ్‌పీ అంకెతో ఏ పనీ జరగదు. మోటార్లు కాలడానికీ, రోపులు తెగడానికీ సగం కారణం ఈ మూడు అంకెలూ ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే. అందుకే ఈ లేఖ. కొంచెం పొడుగైనా ప్రచురించమని మనవి.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. ‘10 టన్నుల సామర్థ్యం గల క్రేన్’ అని పత్రికల్లో రాస్తుంటారు. అక్కడ సామర్థ్యం అంటే మోయగల బరువు. ‘40 మెగావాట్ల సామర్థ్యం గల మోటారు’ అన్నప్పుడు అది సెకనుకు చేయగల పని. ‘పంపు సామర్థ్యం 80 శాతం’ అన్నప్పుడు పెట్టిన శక్తిలో మన చేతికొచ్చిన వాటా. ఒకే మాటకు మూడు అర్థాలు. పాఠ్యపుస్తకాల్లో రెండోదాన్ని సామర్థ్యమనీ, మూడోదాన్ని దక్షత అనీ విడదీసే చెబుతారు. ఇక్కడా అలాగే వాడతాను. మొదటిదానికి ‘మోసే బరువు’ అన్న మాట చాలు. మీ విలేకరులు కూడా ఈ తేడా పాటిస్తే చదివేవారికి ఎంతో మేలు.

ఇక లెక్కలోకి. బరువును కిలోల్లో తీసుకుని 9.81తో గుణిస్తే అది కిందికి లాగే బలం, న్యూటన్లలో. దాన్ని ఎత్తుతో గుణిస్తే పని, జౌళ్లలో. పట్టిన సెకన్లతో భాగిస్తే సామర్థ్యం, వాట్లలో. 746 వాట్లు ఒక హార్స్‌పవర్, అంటే ఒక హెచ్‌పీ. ఎక్కువమంది తప్పేది 9.81 దగ్గరే. దాన్ని మరిచిపోతే జవాబు పదో వంతుకు పడిపోతుంది, అర హెచ్‌పీ మోటారు సరిపోతుందన్నట్టు కనిపిస్తుంది. సైటులో కాలిక్యులేటర్ లేకపోతే ఇంకో దారి ఉంది. కిలోలను, సెకనుకు ఎన్ని మీటర్లు లేస్తుందో ఆ వేగంతో గుణించి 75తో భాగించండి. వచ్చేది హార్స్‌పవరే. 75 కిలోలను సెకనులో ఒక మీటరు ఎత్తితే ఒక మెట్రిక్ హార్స్‌పవర్, అంటే 735.5 వాట్లు. పైన చెప్పిన 746కూ దీనికీ ఉన్న కాస్త తేడా సైటు లెక్కలో అడ్డం రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బకెట్ 200 లీటర్లది. కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2,400 కిలోలు కాబట్టి నిండు బకెట్‌లో మాలు 480 కిలోలు. బకెట్, దాని చక్రాలు, ఫ్రేము కలిపి 120 కిలోలు అనుకుందాం. మొత్తం 600. ఎత్తాల్సిన ఎత్తు 12 మీటర్లు, పట్టే కాలం 30 సెకన్లు. వేగం సెకనుకు 0.4 మీటర్లు. 600 × 9.81 × 0.4 అంటే 2,354 వాట్లు, కాస్త అటూఇటూగా 3.2 హెచ్‌పీ. ‘5 హెచ్‌పీ ఉందిగా, ఇంకా మిగులే’ అని ఇక్కడితో ఆగిపోతారు. ఇది బకెట్ కొక్కెం దగ్గర కావలసిన సామర్థ్యం మాత్రమే. మోటారు నుంచి కొక్కెం దాకా వచ్చే దారిలో ప్రతి మలుపూ తన వాటా తీసుకుంటుంది.

ఆ దారిని కొక్కెం నుంచి వెనక్కి చూసుకుంటూ వెళ్దాం. బకెట్ చక్రాలు టవర్ పట్టాల మీద రాసుకుంటూ ఎక్కుతాయి. టవర్ నిలువుగా ఉండి, పట్టాలు వంగకుండా ఉంటే 7 శాతం దాకా అక్కడ పోతుంది. తర్వాత పై కప్పీ, కింద డ్రమ్ము వైపు మళ్లించే ఇంకో కప్పీ. బేరింగు లేకుండా ఇత్తడి బుష్ మీద తిరిగే బుష్ కప్పీలైతే ఒక్కోటి 5 శాతం తింటుంది. బేరింగ్ కప్పీ అయితే 2 శాతంతో సరిపెడుతుంది. డ్రమ్ము బేరింగులు, దాని మీద రోపు వంగడం కలిపి ఇంకో 4 శాతం. ఆ వెనక గేర్లు. మంచి గ్రీజులో తిరిగే రెండు జతల స్పర్ గేర్లు, అంటే నేరు పళ్ల గేర్లయితే జతకు 3 శాతం. చివర వి బెల్టు, 5 శాతం.

ఈ నష్టాలను కూడి వందలోంచి తీసేయడం తప్పు. మిగిలిన వాటాలను ఒకదానితో ఒకటి గుణించాలి. 0.93 × 0.95 × 0.95 × 0.96 × 0.97 × 0.97 × 0.95. వచ్చేది 0.72. అంటే మోటారు షాఫ్టు దగ్గర 2,354 ÷ 0.72, సుమారు 3,270 వాట్లు, 4.4 హెచ్‌పీ కావాలి. 5 హెచ్‌పీ మోటారు దీన్ని లాగుతుంది, మిగులు మాత్రం అర హెచ్‌పీకి కాస్త ఎక్కువ, అంతే.

ఇప్పుడు అదే టవర్, అదే బకెట్, అదే వేగం. స్పర్ గేర్లూ బెల్టూ తీసేసి, 40కి 1 నిష్పత్తి ఉన్న వార్మ్ గేర్ బాక్సును (మరలాంటి షాఫ్టు పళ్ల చక్రాన్ని తిప్పే రకం) మోటారుకు నేరుగా తగిలించారనుకోండి. చిన్నగా ఉంటుంది, శబ్దం చేయదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నిష్పత్తిలో వార్మ్ దక్షత 65 శాతం దగ్గర ఉంటుంది, ఎందుకంటే అందులో పళ్లు దొర్లవు, ఒకదాని మీద ఒకటి జారుతూ నెడతాయి. గొలుసు మొత్తం దక్షత 0.52కి పడిపోతుంది. షాఫ్టు దగ్గర కావలసింది 4,490 వాట్లు, 6 హెచ్‌పీ. అదే బరువుకు, అదే వేగానికి 5 హెచ్‌పీ చాలదు! ఇక్కడ 7.5 హెచ్‌పీ పెట్టాలి, లేదా డ్రమ్ము వేగం తగ్గించాలి. ‘పక్క సైటులో 5 హెచ్‌పీ బ్రహ్మాండంగా లాగింది, మా దగ్గర ఎందుకు లాగదు’ అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు మోటారులో దొరకదు, గేర్ బాక్సులో దొరుకుతుంది.

వార్మ్ గేర్ గురించి ఇంకో నమ్మకం ఉంది. ‘వార్మ్ ఉంటే బరువు వెనక్కి జారదు, బ్రేకు అక్కర్లేదు’ అని. దక్షత 50 శాతం కంటే తక్కువ ఉన్న వార్మే తనంతట తాను బరువును ఆపుకుంటుంది. 65 శాతం ఉన్నది ఆపదు. ఒకవేళ నిలబడి ఆగినట్టు కనిపించినా, టవర్ కాస్త అదిరితే మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. ఏ గేరున్నా బ్రేకు ఉండాల్సిందే.

కరెంటు వైపు చూస్తే ఇదంతా ఆంప్స్‌లో కనిపిస్తుంది. మోటారు దక్షత 86 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే, 415 వోల్టుల దగ్గర మొదటి మిషన్ 3,802 వాట్లు తీసుకుంటుంది. 6.6 ఆంప్స్. వార్మ్ మిషన్ 5,226 వాట్లు, 9.1 ఆంప్స్. 5 హెచ్‌పీ మోటారు ప్లేటు మీద ఉండేది సుమారు 7.5. మోటారు అంతకు మించి లాగితే ఆపేయడమే ఓవర్‌లోడ్ రిలే పని. కాసేపు లాగి ట్రిప్ అవుతుంది. అప్పుడు జరిగేదేమిటంటే, మాలు గట్టిపడుతోందన్న కంగారులో స్క్రూడ్రైవర్‌తో రిలే ముల్లును 10కి తిప్పేస్తారు. మిషన్ నడుస్తుంది. వైండింగులో వేడి ఆంప్స్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి 7.5 బదులు 9.1 లాగితే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ స్లాబు అయిపోతుంది, తర్వాతి స్లాబులోనో ఆ పైదానిలోనో వార్నిష్ వాసన వస్తుంది. కాలిన రోజు ‘వోల్టేజి బాగోలేదు’ అంటారు. మోటారు నిజానికి రిలే తిప్పిన రోజునే దెబ్బతింది.

వోల్టేజి తప్పు లేదని కాదు. 350 వోల్టులకు పడితే ఇదే వార్మ్ మిషన్ 10.8 ఆంప్స్ లాగుతుంది. లాగుడు బలం మాత్రం వోల్టేజి వర్గంతో తగ్గి 71 శాతానికి వస్తుంది. సగం ఎత్తులో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మోటారు మూలిగి కదలకపోవడానికి ఇదే కారణం. చాలా చోట్ల వోల్టేజి లైన్లో పడదు, సైటు కేబుల్లో పడుతుంది. మీటరు నుంచి 60 మీటర్లు 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ లాగితే, స్టార్టింగులో 45 ఆంప్స్ ప్రవహించే ఆ క్షణంలో 35 వోల్టుల దాకా కేబుల్లోనే పోతాయి. మధ్యలో టేపు చుట్టిన జాయింట్లుంటే ఇంకా ఎక్కువ. 4 స్క్వేర్ వేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది.

పై అంతస్తుకు పోయేకొద్దీ మోటారు మూలగడం గురించి కూడా చెప్పాలి. ‘ఎత్తు పెరిగితే బరువు పెరుగుతుంది’ అంటారు మేస్త్రీలు. బరువు పెరగదు, పెరిగేది డ్రమ్ము. 200 మిల్లీమీటర్ల డ్రమ్ము మీద 10 మిల్లీమీటర్ల రోపు మొదటి వరసలో చుట్టుకున్నప్పుడు మధ్య నుంచి రోపు దూరం 105 మిల్లీమీటర్లు. వరస నిండి రోపు దాని మీదికి ఎక్కితే ఆ దూరం సుమారు 114 అవుతుంది. గేరు మీద తిప్పుడు భారం 8, 9 శాతం పెరుగుతుంది, వేగమూ అంతే పెరుగుతుంది. మొదటి మిషన్ 4.4 హెచ్‌పీ కాస్తా 4.8 దాకా పోతుంది. మూడో వరస ఎక్కితే 5 దాటుతుంది. కాబట్టి ‘ఈ మిషన్ ఎన్ని అంతస్తులకు?’ అన్న ప్రశ్నకు జవాబు డ్రమ్ము పొడవులో ఉంది. మొత్తం ఎత్తుకు సరిపడా రోపు ఒకే వరసలో పట్టాలి. బకెట్ అడుగుకు దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద మూడు చుట్లు మిగలాలి. లేకపోతే భారమంతా రోపు కొసను పట్టి ఉంచిన క్లాంపు మీద పడుతుంది.

ఇదంతా కాగితం లెక్క. నిజంగా మన మిషన్ దక్షత ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. కరెంటు మీటరు, ఫోన్లో స్టాప్‌వాచ్, టేపు, 6 సిమెంటు బస్తాలు చాలు.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మెరుపులో అంకె ఉంటుంది, 800 లేదా 1600 లేదా 3200. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. 1600 మీటరైతే ఒక్కో మెరుపు 2,250 జౌళ్లు. సైటులో మిగతా లైట్లు, వైబ్రేటర్, నీళ్ల మోటారు అన్నీ ఆపేయాలి. బకెట్‌లో 6 బస్తాలు, అంటే 300 కిలోలు పెట్టి కట్టండి, జారి పడకుండా. బకెట్ కదిలిన చోటి నుంచి ఆగిన చోటి దాకా టేపుతో కొలవండి. ఒకరు మీటరు ముందు నిలబడి మెరుపులు లెక్కపెడితే ఇంకొకరు సమయం చూడాలి. లెక్కలో ఒక మెరుపు అటూఇటూ అయితేనే రెండు మూడు శాతం తేడా వస్తుంది కాబట్టి మూడుసార్లు ఎత్తి సగటు తీసుకోవాలి. ఫోన్లో మీటరును వీడియో తీసి తర్వాత నెమ్మదిగా లెక్కపెడితే ఇంకా మంచిది. టవర్ కింద మాత్రం ఆ సమయంలో ఎవరూ ఉండకూడదు.

12 మీటర్లకు 300 కిలోలు ఎత్తితే మనకు పనికొచ్చిన పని 300 × 9.81 × 12, అంటే 35,316 జౌళ్లు. పైన చెప్పిన స్పర్ గేర్ మిషన్ మంచి స్థితిలో ఉంటే సుమారు 36 మెరుపులు రావాలి. 36 × 2,250 అంటే 81,000. దక్షత 43.6 శాతం. వార్మ్ మిషన్‌లో 49 మెరుపులు, 32 శాతం. నిండు బకెట్ 480 కిలోలతో అయితే మొదటి మిషన్‌కే 51 మెరుపులు వస్తాయి, దక్షత 49 శాతం దాకా లేస్తుంది. ఎందుకంటే 120 కిలోల ఖాళీ బకెట్‌ను ప్రతిసారీ ఊరికే మోస్తున్నాం. మాలు ఎంత తక్కువైతే ఆ భారం వాటా అంత ఎక్కువ. (ఒక బస్తా సిమెంటుతో ఎం20 రకం మాలు 125 లీటర్లే వస్తుంది, సుమారు 300 కిలోలు. అంటే రోజంతా జరిగేది నిండు బకెట్ పని కాదు, ఈ 6 బస్తాల పనే.) పెద్ద సైటుల్లో మీటరు సీటీల (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల) ద్వారా కొలిచే రకమైతే మెరుపుల లెక్కను సీటీ నిష్పత్తితో గుణించాలి. ఇది మరిచిపోతే దక్షత 100 దాటి కనిపిస్తుంది. 100 దాటిందంటే మిషన్ గొప్పతనమేమీ కాదు, లెక్క తప్పింది.

ఈ లెక్క విలువంతా రెండోసారి చేసినప్పుడు తెలుస్తుంది. ప్రతి స్లాబుకు ముందు ఖాళీ బకెట్‌తో ఒకసారి, 6 బస్తాలతో ఒకసారి మెరుపులు లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. ఖాళీ బకెట్ లెక్కే పెరిగిందంటే బరువుతో సంబంధం లేని రాపిడి ఎక్కడో ఉంది. టవర్ ఒరిగింది, పట్టా వంగింది, బకెట్ చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతోంది, లేదా బ్రేకు బ్యాండు పూర్తిగా వదలడం లేదు. ఖాళీ లెక్క మామూలుగానే ఉండి బస్తాలతో మాత్రమే పెరిగిందంటే బరువు పడినప్పుడే కనిపించే లోపం. కప్పీ బుష్ ఎండిపోయింది, లేదా గేర్ బాక్సులో ఆయిల్ పాడైంది. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, పది ట్రిప్పుల తర్వాత మిషన్ ఆపి చూస్తే ఏది కాలుతుంటే నష్టం అక్కడే. బుష్ కప్పీ పిన్ను దగ్గర గ్రీజు నల్లబడి, దాంట్లో మెరిసే ఇత్తడి పొడి కనిపిస్తే ఆ బుష్ అరిగిపోయినట్టే. గ్రీజు పూస్తే సరిపోదు, మార్చాలి.

స్టాప్‌వాచ్ ఇంకో సంగతి చెబుతుంది. ఇండక్షన్ మోటారు బరువు పడితే పెద్దగా నెమ్మదించదు. నిమిషానికి 1440 చుట్లు తిరిగేది 1410కి వస్తుందేమో. కాబట్టి 30 సెకన్ల ట్రిప్పు 36 సెకన్లు పట్టిందంటే మోటారును అనకండి. బెల్టు జారుతోంది, లేదా క్లచ్. బెల్టు పక్కలు గాజులా మెరుస్తుంటాయి, రబ్బరు వాసన వస్తుంది. జారే బెల్టు ఉన్న మిషన్‌లో బకెట్ ఆలస్యంగా వస్తుంది, మెరుపులు మాత్రం ఎక్కువ.

ఇక్కడ నిజాయితీగా ఒక విషయం చెప్పాలి. దక్షత అనగానే కరెంటు బిల్లు గురించి మాట్లాడతారు. లిఫ్ట్ మిషన్ విషయంలో అది సరికాదు. 30 ఘనపు మీటర్ల స్లాబంటే నిండు బకెట్లు 150. మంచి మిషన్‌తో అన్నీ ఎత్తడానికి 4.8 యూనిట్లు, వార్మ్ మిషన్‌తో 6.5 యూనిట్లు. 72 టన్నుల కాంక్రీటును 12 మీటర్ల పైకి చేర్చడానికి 7 యూనిట్లు దాటదు! ఆదా రెండు యూనిట్లు కూడా లేదు. పోయిన శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా, అరుగుదలగా మారుతుంది కాబట్టే దక్షత చూడాలి. ఆ చోటు బుష్ కావచ్చు, గేరు పళ్లు కావచ్చు, వైండింగు కావచ్చు. అది తెగినప్పుడు బకెట్ కింద మనిషి ఉండవచ్చు.

బిల్లు లెక్క పెద్దదయ్యేది ఎత్తిపోతల్లో. హంద్రీ-నీవా, కల్వకుర్తి లాంటి పథకాల గురించి మీ పత్రికలో రోజూ చదువుతాం. అక్కడా సూత్రం ఇదే, బకెట్ బదులు నీళ్లు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని ఒక్క మీటరు ఎత్తడానికి నష్టమేమీ లేకపోయినా సుమారు 77 వేల యూనిట్లు. దక్షత 80 శాతమైతే 96 వేలు. 100 మీటర్ల ఎత్తుకు 96 లక్షలు. అక్కడ పంపు దక్షత 80 నుంచి 79కి జారితే ఒక్కో టీఎంసీకి 1.2 లక్షల యూనిట్లు అదనం. టీఎంసీల లెక్క రాసినప్పుడు పక్కన ఎత్తు, యూనిట్లు కూడా రాస్తే పాఠకులే ఈ గుణింపు చేసుకోగలరు.

మళ్లీ టవర్ దగ్గరికి. మోటారు లాగకపోతే ‘ఇంకో కప్పీ వేస్తే తేలికవుతుంది’ అని బకెట్‌కు కదిలే కప్పీ తగిలిస్తారు. రోపు మీద లాగుడు సగమవుతుంది, నిజమే. కానీ మీటరు ఎత్తుకు రెండు మీటర్ల రోపు చుట్టాలి. బకెట్ సగం వేగంతో లేస్తుంది. కావలసిన హెచ్‌పీ తగ్గింది సగం వేగం వల్లే తప్ప, కప్పీ శక్తిని పుట్టించడం వల్ల కాదు. పైగా కొత్త కప్పీ తన 5 శాతం తాను తీసుకుంటుంది, డ్రమ్ము మీద రోపు రెట్టింపు చుట్టుకుని పైన చెప్పిన రెండో వరస, మూడో వరస ఇబ్బందీ వస్తుంది. నెమ్మదిగా ఎత్తడం ఇష్టమైతే చేయండి, తప్పు లేదు. అదే వేగం, తక్కువ మోటారు రెండూ కావాలంటే కుదరదు.

చేత్తో చైను లాగి బరువులెత్తే చైన్ బ్లాకుకూ ఇదే వర్తిస్తుంది. మనిషి ఎక్కువసేపు ఆగకుండా చేయగలిగేది సుమారు 75 వాట్లు, పదో వంతు హెచ్‌పీ. ఒక టన్నును ఒక మీటరు ఎత్తడానికి 9,810 జౌళ్లు, బ్లాకు దక్షత 70 శాతమైతే 14,000. మూడు నిమిషాలు పడుతుంది. అది ఆ పనికి సహజమైన వేగం. తొందరపడి ఇద్దరు, ముగ్గురు ఒకే చైను పట్టుకుని లాగితే బ్లాకు మీద రాసిన బరువు దాటినా వారికి తెలియదు. ఒక్కడు లాగలేకపోతున్నాడంటే బరువు ఎక్కువైందని బ్లాకు చెబుతున్నట్టు.

రోపు గురించి రెండు అంకెలు. నార గుండె ఉన్న కొత్త 8 మిల్లీమీటర్ల వైర్ రోపు తెగే బలం సుమారు 3.5 టన్నులు. ఆరో వంతుకే వాడాలన్న లెక్కన మోసే బరువు సుమారు 580 కిలోలు. మన 600 కిలోల బకెట్‌కు అది అప్పుడే చాలదు. 10 మిల్లీమీటర్లది సుమారు 5.5 టన్నులు, ఆరో వంతు 920 కిలోలు. ‘తెగే బలం 3 టన్నుల పైనే కదా, ఆరు రెట్లు ఎందుకు’ అనేవారికి జవాబు, రోపు వదులుగా ఉండగా మోటారు స్టార్ట్ చేసే అలవాటు. బరువు ఒక్కసారిగా రోపు మీద పడితే ఆ క్షణంలో లాగుడు కనీసం రెట్టింపు. వదులు ఎక్కువైతే అంతకు మించి. అందుకని రోపు బిగిసేదాకా ఒకసారి తాకించి ఆపి, తర్వాతే ఎత్తాలి. పై కప్పీ పిన్నును, అది కూర్చున్న దూలాన్ని 600 కిలోలకు చూసుకుంటే కూడా పొరపాటే. బకెట్ వైపు రోపు 600, డ్రమ్ము వైపు రోపు ఇంకో 600కు పైన, రెండూ కిందికే లాగుతాయి. దాని మీద పడేది 1,200 కిలోల పైమాటే.

దిగేటప్పుడు క్లచ్ వదిలేసి బకెట్‌ను జారవిడిచే పద్ధతి డీజిల్ మిషన్లలో ఎక్కువ. బ్రేకు లైనింగు అరిగి పట్టు పూర్తిగా తప్పితే 12 మీటర్ల నుంచి పడే బకెట్ నేలను తాకే వేగం సెకనుకు 15 మీటర్లు, గంటకు 55 కిలోమీటర్లు. డ్రమ్మూ రాపిడీ కొంత ఆపినా అది ప్రాణం తీసే వేగమే. ఆ బకెట్‌లో మేస్త్రీని పైకి పంపే అలవాటు మన సైటుల్లో ఇంకా ఉంది. అది మాలు బకెట్. మనుషులు ఎక్కకూడదు.

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో బరువులెత్తే యంత్రాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉండేది. పరీక్షించడం, తనిఖీ చేయించడం, మోసే బరువును యంత్రం మీద కనిపించేలా రాయడం అందులోని సంగతులే. 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా 10 మంది, అంతకు మించి పనిచేసే చోట్లకు ఆ చట్టం వర్తించేది. చిన్న ఇళ్ల సైటుల దగ్గరికి తనిఖీ చేసేవారు రారు. కాబట్టి మిషన్లు అద్దెకిచ్చే యజమానులను, వాటిని తెచ్చుకునే మేస్త్రీలను, ఇల్లు కట్టించుకునేవారిని అడిగేది ఇది. మోటారు మీద ‘5 హెచ్‌పీ’ అని రాసిన చోటే, అదే పెయింటుతో ఇంకో ఐదు పంక్తులు రాయండి. బకెట్‌తో కలిపి మోసే బరువు, కిలోల్లో. బకెట్ వేగం, సెకనుకు మీటర్లలో. ఒకే వరస రోపుతో అందే ఎత్తు. రోపు మందం, మార్చిన తేదీ. 6 బస్తాలతో, ఖాళీగా ఎన్ని మీటర్లకు ఎన్ని మెరుపులు వచ్చాయో, అది యూనిట్‌కు ఎన్ని మెరుపుల కరెంటు మీటరో, ఏ తేదీన చూశారో. అద్దెకు తెచ్చుకునేవారు మాలు కలపకముందే ఆ చివరి పంక్తి తీసుకుని, ఖాళీ బకెట్‌ను ఒకసారి పైకి పంపి మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టుకోండి. నిమిషం కూడా పట్టదు. మీ మీటరు వేరే రకమైతే ఆ నిష్పత్తిలో మార్చి చూసినా మెరుపులు రాసినదానికంటే బాగా ఎక్కువ వస్తే, ఎందుకో తేలేదాకా మిల్లర్ స్టార్ట్ చేయొద్దు.

ఇట్లు,
ఒక మెకానికల్ ఇంజనీరు,
రాజమహేంద్రవరం